జప్తుకు అందని గిన్నె తాకట్టుకు అందుతుంది

బడులు తెరిచే జూన్ నెలలో, సార్వా ఊడ్పులకు ముందు, పాలకొల్లులోనో అమలాపురంలోనో బంగారం మీద అప్పిచ్చే సంస్థలో కాసేపు కూర్చుంటే ఒకే పని పదేపదే కనిపిస్తుంది. వచ్చినామె పసుపుతాడు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వస్తుంది. గొలుసులోంచి పుస్తెలు తీసి తాడుకు గుచ్చి మెడలో వేసుకుని, ఒట్టి గొలుసు అవతలికి ఇస్తుంది. అక్కడ దాన్ని గీటురాయి మీద గీస్తారు, తూస్తారు, కాగితం మీద సంతకం తీసుకుంటారు. కొందరు పుస్తెలతో సహా ఇచ్చేస్తారు. కౌంటరులో ఎవరూ కాదనరు.

అదే మనిషి మీద ఎవరో దావా వేసి డిక్రీ, అంటే బాకీ కట్టమనే కోర్టు తీర్పు, తెచ్చుకున్నారనుకుందాం. కోర్టు అమీనా జప్తు వారంటు పట్టుకుని వచ్చినా ఆ పుస్తెల మీద చెయ్యి వేయలేడు. పొయ్యి దగ్గరి గిన్నెలు, పిల్లలు పడుకునే పరుపులు, కట్టుకునే బట్టలు కూడా అతను ముట్టుకోకూడదు. "ఇంటి సామాను మీద అప్పులవాడికి హక్కు లేదట" అని ఊళ్లో వినిపించే మాట ఇక్కడి నుంచి పుట్టిందే. అందులో నిజం సగమే. కోర్టు ద్వారా లాక్కోకుండా చట్టం కాపాడుతుంది. మన చేత్తో మనమే ఇచ్చేస్తే చాలావరకు తప్పుకుంటుంది. తేడా ఎక్కడుందో తెలియక కొందరు అనవసరంగా భయపడుతున్నారు, మరికొందరు లేని రక్షణను నమ్ముకుంటున్నారు.

ముందు జప్తు సంగతి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షన్ అప్పు వసూలుకు ఏయే ఆస్తులను జప్తు చేయవచ్చో చెప్పి, వెంటనే ఏవి చేయకూడదో ఒక జాబితా ఇస్తుంది. బాకీదారుకు, అతని భార్యకు, పిల్లలకు అవసరమైన బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీద నుంచి తీయకూడని ఆభరణాలు అందులో మొదటి వరసలో ఉన్నాయి. "అతని భార్య" అన్న మాట చూశారా? ఆ జాబితా రాసినవారి కళ్లకు బాకీదారు ఎప్పుడూ మగవాడే. ఇవాళ డ్వాక్రా సంఘంలోనైనా, వారం వారం కట్టే చిన్న అప్పులోనైనా సంతకం ఆడవాళ్లదే.

ఆ తర్వాతి వరసలో చేతివృత్తుల వారి పనిముట్లున్నాయి. బండారులంకలో నేత మగ్గం ఈ కోవలోకి వస్తుంది. రైతు అయితే నాగలి వంటి వ్యవసాయ పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించినంత పశువులు, విత్తనాలు జప్తు కాకూడదు. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి తెచ్చి నారుమడికి ఉంచుకున్న విత్తనాల బస్తా పదిలం. మిల్లుకు తోలడానికి కాటా వేసిన ధాన్యం మొత్తానికి ఆ భరోసా ఉండదు. రైతు, కూలీ, ఇంటిపని చేసేవారు తాము నివసించే సొంత ఇంటికి కూడా ఈ సెక్షన్‌లో చోటుంది. ఇంటిపని వారి జీతం, కూలీల కూలి పూర్తిగా బయట ఉంటాయి. మిగతా ఉద్యోగుల జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలేయాలి. ఆ వెయ్యి ఏ కాలం నాటి లెక్కో మరి. ఇవాళ రావులపాలెం అరటి మార్కెట్లో రెండు రోజుల కూలికి అటూ ఇటూ.

ఈ జాబితాలో నన్ను ఎప్పుడూ ఆపే మాట "అవసరమైన". కోనసీమలో పాత మండువా ఇళ్ల అటకల మీద సారెగా వచ్చిన ఇత్తడి గంగాళాలు, గుండిగలు, బిందెలు ఇంకా ఉన్నాయి. పెరవలి దగ్గరి అజ్జరంలో పోత పోసి, సుత్తి దెబ్బలతో ఆకారం తెచ్చిన సామాను అది. పేరుకు అవీ వంటపాత్రలే. కానీ ఏడాదికి ఒకసారి పెళ్లికో సమారాధనకో దించే గంగాళం ఆ ఇంటికి "అవసరమైన" పాత్రేనా? రోజూ అన్నం వండే తపేలాకు ఉన్నంత ధీమా దానికి లేదు. అమీనా రాసిన జప్తు పట్టీలో అది చేరితే, బాకీదారు కోర్టులో అర్జీ పెట్టుకుని అవసరమని చూపించాలి. చెప్పుకోకపోతే రక్షణ దానంతట అది రాదు.

ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మిషను సంగతి ఇంకా తేలిక. ఆ జాబితాలో వాటి పేరు లేదు. 1908లో ఉండే అవకాశమూ లేదు. తర్వాత సవరించినప్పుడు ఎవరూ చేర్చలేదు. గ్యాసు పొయ్యి వంటపాత్ర అవుతుందా, మిక్సీ అవుతుందా అన్నవి న్యాయవాదులు వాదించుకోదగిన ప్రశ్నలు. ఫ్రిజ్ మీద మాత్రం ఆశ పెట్టుకోకపోవడం మంచిది. అది అత్తగారి డబ్బుతో కొన్నదైతే దారి వేరు. జప్తయిన వస్తువు నాదని మూడో మనిషి అదే కోర్టులో క్లెయిమ్ పిటిషన్ వేసుకోవచ్చు. అందుకే ఇంట్లో ఎవరు ఏది కొన్నారో చెప్పే బిల్లు ముక్కకు విలువ ఉంది.

జప్తు చేసే తీరుకూ హద్దులున్నాయి. 62వ సెక్షన్ ప్రకారం సూర్యాస్తమయం దాటాక, సూర్యోదయానికి ముందు, చరాస్తి జప్తు కోసం నివాసగృహంలోకి అడుగు పెట్టకూడదు. బాకీదారు తన ఇంట్లోనే ఉండి లోపలికి రానివ్వకపోతే తప్ప వీధి తలుపు పగలగొట్టకూడదు. అప్పు కట్టనివారి ఇంటి తలుపులు ఊడదీసి బండికెత్తుకుపోయారన్న కథలు డెల్టాలో పాతతరం ఇప్పటికీ చెబుతుంది. గుమ్మానికి బిగించిన తలుపు ఇంటిలో భాగం, అంటే స్థిరాస్తి. దాన్ని కుర్చీలాగా ఎత్తుకుపోవడానికి చరాస్తి జప్తు వారంటు సరిపోదు. "జైల్లో పెట్టిస్తాం" అన్న బెదిరింపూ ఇలాంటిదే. డబ్బు డిక్రీ అమలు కోసం స్త్రీని సివిల్ జైలుకు పంపడానికి వీల్లేదని 56వ సెక్షన్ చెబుతోంది.

ఇక అసలు పట్టు 1976 సవరణలో ఉంది. అప్పు ఇచ్చేటప్పుడే "60వ సెక్షన్ కింద నాకున్న మినహాయింపులు వదులుకుంటున్నాను" అని రాయించుకుంటే? ఆ సవరణతో చేరిన 60(1ఎ) అలాంటి ఒప్పందం చెల్లదని తేల్చేసింది. ప్రామిసరీ నోటు వెనక ఏం రాయించుకున్నా, ముద్రించిన ఇరవై పేజీల ఒప్పందంలో ఎన్నో క్లాజుగా దూర్చినా, అది ఉత్త కాగితమే.

మరి ఇంత గట్టిగా కాపాడిన గిన్నెను నేనే వెళ్లి తాకట్టు పెడితే? అది మినహాయింపును వదులుకోవడం కాదు. 60వ సెక్షన్ మాట్లాడేది డిక్రీ అమలులో జరిగే జప్తు, అమ్మకం గురించి. తాకట్టు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 172 నుంచి మొదలయ్యే సెక్షన్ల కిందికి వస్తుంది. వస్తువును అప్పిచ్చినవాడి చేతికి అప్పగించడం అందులో ప్రధానం. ఏ వస్తువును తాకట్టు పెట్టకూడదో చెప్పే జాబితా ఆ సెక్షన్లలో లేదు. ఇత్తడి బిందెలు, కంచు చెంబులు, పట్టుచీరలు, కుట్టుమిషన్లు డెల్టాలో తాకట్టు కొట్లలోకి చేరింది ఈ దారినే. వరదలొచ్చిన ఏడాది ఒక ఇంటి సామాను ముందు అటక మీద నుంచి, తర్వాత వంటింట్లోంచి, చివరకు మెడలోంచి కొట్టుకు నడిచి వెళ్లిందని పెద్దవాళ్లు చెబితే అది అతిశయోక్తి కాదు. ఇప్పుడు ఇత్తడిని పట్టించుకునేవారు తక్కువ, అంతా బంగారమే.

తాకట్టు పెట్టాక కూడా కొన్ని హక్కులు మిగులుతాయి. గడువు దాటింది కదా అని వస్తువు అప్పిచ్చినవాడి సొంతమైపోదు. 176వ సెక్షన్ ప్రకారం అతను దావా వేయవచ్చు, లేదా తగినంత వ్యవధితో నోటీసిచ్చి అమ్ముకోవచ్చు. బాకీ పోగా మిగిలింది తిరిగి ఇవ్వాలి. 177వ సెక్షన్ ఇంకా విలువైనది: గడువు దాటినా, అమ్మకం నిజంగా జరిగేవరకు డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. ఆలస్యం వల్ల అయిన ఖర్చు మాత్రం భరించాలి. "నీ గడువైపోయింది, నగ మునిగిపోయింది" అనే మాటకు చట్టంలో చోటు లేదు. గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1943లో, తాకట్టు వ్యాపారుల కోసం వేరే చట్టం వచ్చింది. లైసెన్సు, వస్తువు వివరాలతో రశీదు, బహిరంగ వేలం దాని ముఖ్య షరతులు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు మూడు శాతం, ఏడాదికి 36 శాతం. ఆ లెక్క అందరికీ నోటికి వచ్చు, రశీదు అడగడమే చాలామందికి మొహమాటం.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో బంగారం, వెండి అప్పులపై కొత్త నిబంధనలు ఇచ్చి, 2026 ఏప్రిల్ 1 లోగా అమలు చేయమంది. సొంత ఖర్చుల కోసం తీసుకునే అప్పు రెండున్నర లక్షల లోపైతే నగ విలువలో 85 శాతం, ఐదు లక్షల వరకు 80, ఆపైన 75 మించకూడదు. చివర్లో ఒకేసారి కట్టే అప్పయితే వడ్డీతో కలిపిన మొత్తం మీద ఈ శాతం లెక్కిస్తారు కాబట్టి చేతికొచ్చేది అంతకంటే తక్కువే. నగను అప్పు తీసుకునేవారి ఎదుటే పరీక్షించాలి. బాకీ తీరాక ఏడు పనిదినాల్లోపు తిరిగివ్వాలి. తప్పు సంస్థదై ఆలస్యమైతే రోజుకు ఐదు వేల రూపాయల పరిహారం. ఇవి మంచి నిబంధనలు. అయితే గమనించండి, ఇవన్నీ తాకట్టు ఎలా జరగాలో చెప్పేవే, పుస్తెలు తీసుకోవద్దని చెప్పేవి కావు.

డెల్టాలో నగ ఇంతగా తాకట్టుకు వెళ్లడానికి ఒక కారణం పొలంలో ఉంది. ఇక్కడ పంట వేసేవారిలో చాలామంది కౌలుదారులు. భూమి పత్రం వేరేవారి బీరువాలో ఉంటుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారు కార్డు ఇస్తున్నారు, కానీ దానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం దొరకనివాడికి దాళ్వా, అంటే రెండో పంట, పెట్టుబడికి మిగిలే హామీ ఇంట్లోనే ఉంది.

జప్తుకూ తాకట్టుకూ మధ్య మూడో రకం ఒకటుంది: వస్తువు మన ఇంట్లోనే ఉంటుంది, దాని మీద హక్కు మాత్రం రాసిస్తాం. హైపోథికేషన్ అంటారు. ట్రాక్టరు, మోటారు సైకిలు అప్పులు ఇలాంటివే. వాయిదాల మీద ఫ్రిజ్ కొన్నప్పుడు కొన్ని ఒప్పందాల్లో ఇదే షరతు ఉంటుంది. వాయిదా తప్పితే ఏజెంటు వచ్చి ఫ్రిజ్ ఎత్తుకుపోవచ్చా? కోర్టు గడప తొక్కకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే అధికారం కొన్ని సంస్థలకు ఇచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇలాంటి అప్పుల దగ్గరికి రానేరాదు. లక్ష రూపాయలు మించని బాకీలు దాని పరిధిలో లేవు. ఫైనాన్స్ కంపెనీలైతే ఇరవై లక్షలు, ఆపైన ఉన్న అప్పులకే దాన్ని వాడుకోగలవు. 60వ సెక్షన్ జప్తు కాదన్న ఆస్తులను కూడా ఆ చట్టం వదిలేస్తుంది, ఆ అప్పుకే ప్రత్యేకంగా హామీగా రాసిచ్చినవి తప్ప. ఈ చివరి మినహాయింపు ఎవరికీ కనపడని మూలలో ఉంది కానీ చాలా పదునైనది. రాసివ్వనంతవరకే రక్షణ అన్నమాట.

కాబట్టి టీవీ, ఫ్రిజ్ అప్పుల్లో కంపెనీకి మిగిలేవి సివిల్ దావా, లేదా ఒప్పందంలో రాసుకున్న మధ్యవర్తిత్వం. ఎక్కడో చెన్నైలోనో ముంబయిలోనో మధ్యవర్తి ఇచ్చిన తీర్పునైనా కోర్టు డిక్రీలాగే అమలు చేయించుకోవాలి. ఆ అమలులో మళ్లీ అదే 60వ సెక్షన్ ఎదురవుతుంది. బలవంతంగా వాహనాలు లాక్కోవడం, దుండగులను పంపి వసూలు చేయించడం చట్టబద్ధం కాదని సుప్రీంకోర్టు 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో గట్టిగానే చెప్పింది. అప్పిచ్చినవాడు బాకీ రాబట్టే ఒత్తిడి కోసం సమ్మతి లేకుండా సామాను తీసుకుపోతే అది దొంగతనమేనని కలకత్తా హైకోర్టు 1895లోనే తేల్చింది. "నాకు రావలసిన డబ్బే కదా" అన్న వాదన అప్పుడే వీగిపోయింది.

చిన్న అప్పులకు మన రాష్ట్రానికి ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చి, ఆపై చట్టం చేశారు. సూక్ష్మరుణ సంస్థ ఏ రకమైన తాకట్టూ, హామీ అడగకూడదని, అప్పటికే తీసుకున్నది ఉంటే వెంటనే బాకీదారుకు విడుదలైనట్టేనని అది చెప్పింది. ఇంట్లో సామాను జోలికి వెళ్లడం, ప్రభుత్వ పథకాలకు ఆధారమైన పత్రాలను బలవంతంగా లాక్కోవడం వేధింపు కిందకు తెచ్చింది. రేషన్ కార్డు దాచిపెట్టుకుని వారం వాయిదాలు వసూలు చేసిన కాలం అది. మన చట్టాల్లో తాకట్టును మొదట్లోనే వద్దన్నది ఇదే. తర్వాత, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీవ్యాపార చట్టాలు వర్తించవని సుప్రీంకోర్టు 2022 మేలో కేరళ, గుజరాత్ చట్టాల మీద తీర్పు చెప్పింది. అదే తర్కంతో 2023లో తెలంగాణ హైకోర్టు సూక్ష్మరుణ చట్టమూ వాటికి వర్తించదంది. పెద్ద కంపెనీల వరకు ఇప్పుడు చూడాల్సింది 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సూక్ష్మరుణ నిబంధనలు. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చేదే సూక్ష్మరుణం. బ్యాంకు ఖాతాలోని డబ్బు మీద కూడా దానికి పట్టు పెట్టకూడదు. నెల వాయిదాలన్నీ కలిపి కుటుంబ ఆదాయంలో సగం దాటకూడదు. వసూలుకు ఫోన్లు ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత చేయకూడదు.

కాగితం లేకుండా అప్పిచ్చే వడ్డీ వ్యాపారికి ఈ నిబంధనలేవీ పట్టవు. అతను గిన్నెలు అడగడు. ఏటీఎం కార్డు, పిన్ను అడుగుతాడు, ఖాళీ చెక్కు అడుగుతాడు. కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్లే ఆడవాళ్ల దగ్గరైతే పాస్‌పోర్టు అడుగుతాడు. పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి అని 1967 చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. మనది కానిదాన్ని మనం తాకట్టు పెట్టలేం, అతను పట్టి ఉంచుకోలేడు. ఇలాంటి సందర్భాల్లో మండల న్యాయసేవాధికార కమిటీకి వెళ్తే, ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలకు ఉచితంగా న్యాయవాదిని పెడతారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

అమెరికా ఇదే చిక్కును మరో చోట కోసింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1984లో చేసిన రుణ పద్ధతుల నిబంధన 1985 మార్చి 1 నుంచి అమలులో ఉంది. ఇంట్లో ఉన్న సామానును అక్కడే ఉంచి దాని మీద హక్కు రాయించుకోవడం, అప్పు ఆ వస్తువు కొనడానికే ఇచ్చినదైతే తప్ప, అన్యాయమైన పద్ధతి అంది. బట్టలు, ఫర్నిచరు, గృహోపకరణాలు, ఒక టీవీ, ఒక రేడియో, వంటసామాను, పెళ్లి ఉంగరం ఆ జాబితాలో ఉన్నాయి. మిగతా నగలు లేవు. సామానును చేతికిచ్చి పెట్టే తాకట్టును అదీ ఆపలేదు. కమిషన్ చూపిన కారణం మాత్రం గోదావరి గట్టున ఎవరికైనా అర్థమవుతుంది: వాడిన మంచాన్ని అమ్మితే అప్పిచ్చినవాడికి వచ్చేదేమీ ఉండదు, కానీ మంచం పోతుందన్న భయానికి బాకీదారు ఏదైనా ఒప్పుకుంటాడు. మన చట్టం జప్తు రోజున వచ్చి అడ్డంగా నిలబడుతుంది, సంతకం రోజున రాదు. ఇంటి సామానును సొంత ఖర్చుల అప్పులకు ఇలా రాయించుకోవడాన్ని ఇక్కడా మొదట్లోనే చెల్లదనాలని నా అభిప్రాయం. తాకట్టు కొట్టును మూసేయమనడం వేరు, అది అవసరంలో ఉన్నవారికి ఉన్న ఒక్క తలుపునూ మూయడమే అవుతుంది.

ఇప్పుడు ఇదంతా సెల్‌ఫోను దగ్గర కొత్తగా మొదలవుతోంది. వాయిదాల మీద కొన్న ఫోనులో ఒక యాప్ పెట్టి, వాయిదా తప్పితే దూరం నుంచే తాళం వేసే పద్ధతి వచ్చింది. అమీనా అక్కర్లేదు, వారంటు అక్కర్లేదు, పొద్దు గుంకినా పని ఆగదు. 60వ సెక్షన్ జాబితాలో ఫోను లేదు, ఉన్నా ఇది జప్తు కాదు కాబట్టి ఉపయోగం ఉండేది కాదు. ఇటు రొయ్యల చెరువు కాపలాదారు నుంచి అటు ఆటో నడిపేవారి దాకా కూలి డబ్బు కూడా ఫోనులోకే వస్తోంది. ఆ లెక్కన ఫోను పనిముట్ల వరసలో చేరాల్సిన వస్తువు. ఇలాంటి తాళాల మంచిచెడ్డలు పరిశీలిస్తున్నామని రిజర్వు బ్యాంకు గవర్నరు సంజయ్ మల్హోత్రా 2025 అక్టోబరులో చెప్పారు. ఫోను కొనేటప్పుడు దుకాణంలో పెట్టే సంతకాల్లో ఆ యాప్‌కు అనుమతి ఉందేమో అడిగి చూసుకోవాలి, ఒప్పందం నకలు తీసుకోవాలి. వేధింపు ఎదురైతే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దీనికి రుసుము లేదు, వివరాలకు 14448.